మూడు నిమిషాల సాక్ష్యం

ఆ ఆదివారం రెండో పాట రెండో చరణం సగంలో ఉండగా చర్చి తెర నల్లబడింది. నల్లటి తెర మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు నాలుగు వరుసలు వచ్చాయి. పాట నోటికొచ్చినవాళ్ళు పాడుకుంటూ పోయారు. రానివాళ్ళు తెర వైపు చూస్తూ నోరు మూశారు. ముందు బెంచీలో సంఘ కార్యదర్శి థామస్ మాస్టారు కళ్ళజోడు సవరించుకున్నాడు. ముప్పై రెండేళ్ళు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పిన మనిషి, ఇంగ్లీషు ఎక్కడ కనబడినా పైకి చదవకుండా ఉండలేడు.

"నాట్ జెన్యూన్" అని చదివి, వెనక బెంచీల వాళ్ళ కోసం తెలుగులో కూడా చెప్పాడు. "అందులో ఉన్న పాటల ప్రోగ్రాం అసలుది కాదట. నకిలీదట."

ప్రొజెక్టరు పక్కన స్టూలు మీద కూర్చున్న జ్ఞానానందం దొరికిన మీటలన్నీ నొక్కాడు. ఏదీ పనిచేయలేదు. చివరికి వైరు పీకేశాడు. జనం పాటల పుస్తకాలు తీసుకున్నారు, కుర్రకారు నవ్వుకున్నారు, పాస్టరు గారు దగ్గారు, ఆరాధన మామూలుగానే సాగిపోయింది. జ్ఞానానందానికి మాత్రం ఆ రోజు ప్రసంగం ఒక్క ముక్క చెవికెక్కలేదు. తిన్న అన్నంలో రాయి తగిలినట్టు 'నకిలీ' అన్న మాటే నములుతూ కూర్చున్నాడు.

అతనికి నలభై తొమ్మిదేళ్ళు. రాజాంలో పాలకొండ రోడ్డు మీద చిన్న డీటీపీ షాపు. ఎనిమిదో తరగతి మధ్యలో తండ్రి బడి మాన్పించి ప్రెస్సులో పెట్టాడు. అక్కడ సీసం అక్షరాలు ఒక్కొక్కటే ఏరి తిరగేసి కూర్చడం నేర్చుకున్నాడు. ఆ విద్య చేతికి పట్టుబడేసరికి కంప్యూటర్లు వచ్చి సీసం తూకానికి పోయింది. కంప్యూటరు నేర్చుకున్నాడు. అది పట్టుబడేసరికి ఫ్లెక్సీలు వచ్చాయి. అతను ఏ పనిలో దిగినా ఆ పని మూటాముల్లె సర్దుకుని ఎదురొచ్చేది. ఊళ్ళో సగం పెళ్ళికార్డులూ ముప్పాతిక సంస్మరణ కార్డులూ అతని వేళ్ళ కింద నుంచే వెళ్ళాయి. పెళ్ళికొడుకు పేరు, పెళ్ళికూతురు పేరు, తాతల పేర్లు, పోయినవాళ్ళ పేర్లు అన్నీ ఉంటాయి. కూర్చినవాడి పేరు ఎవరు వేస్తారు? అది తెలిసీ ముప్పై ఐదేళ్ళుగా లోపల ఏడుస్తూనే ఉన్నాడు.

షాపులో కంప్యూటర్లు రెండు. వాటిలో ఉన్నదంతా అతని బావమరిది బెన్హర్ సీడీల సంచీలో తెచ్చి ఎక్కించినదే. బెన్హర్‌కు విజయనగరంలో కంప్యూటర్ల షాపు ఉంది. కొని వాడాల్సిన ప్రోగ్రాములను తాళం పగలగొట్టి పంచడం అప్పుడు అందరూ చేసే పనే. దాన్ని క్రాకు అంటారు. జ్ఞానానందం దాన్ని దొంగతనం అని ఎప్పుడూ అనుకోలేదు. కంప్యూటరుతో పాటు మౌసు వచ్చినట్టు ఇదీ వస్తుందనుకున్నాడు. చర్చి కంప్యూటర్లో కూడా తన చేత్తో అదే ఎక్కించాడు.

మధ్యాహ్నం బెన్హర్‌కు ఫోను చేశాడు.

"దానికేటి బావా" అన్నాడు బెన్హర్. "కొత్త క్రాకు వచ్చినాది. వచ్చే ఆదివారం నాను వచ్చి ఏసేస్తాను. ఇంకో రెండేళ్ళు పలకదు."

"రెండేళ్ళ తర్వాత పలుకుతాది కదేటి. మల్లీ ఆ మాస్టారు నిలబడి సదువుతాడు."

"ఆయన్ని ఎనక బెంచీలో కూకోబెట్టు."

జ్ఞానానందం నవ్వలేదు. బెన్హర్ మాట తేలిగ్గా ఉండడానికి కారణముంది. చుట్టుపక్కల ముప్పైకి పైగా చర్చిలకు కంప్యూటరూ ప్రొజెక్టరూ పెట్టింది బెన్హరే. వాటిలో వేసిన పాటలన్నీ జ్ఞానానందం ఒకప్పుడు తన చర్చి కోసం టైపు చేసుకున్నవి. ఒక క్రిస్మస్ నాడు బెన్హర్ వీళ్ళింటికి, అంటే తన అక్క ఇంటికి, వచ్చి భోంచేసి చేయి కడుక్కుంటూ పెన్ డ్రైవులో ఎక్కించుకుపోయాడు. ఇప్పుడు ఏ చర్చిలో కంప్యూటరు తెరిచినా ముందు 'బెన్హర్ కంప్యూటర్స్, విజయనగరం' అని పడుతుంది.

ఈసారి ఎవడూ నకిలీ అనలేని దాన్ని పెట్టాలని జ్ఞానానందం నిశ్చయించుకున్నాడు. 2016 అక్టోబరు అది. ఇంటర్నెట్టు ఉచితంగా ఇచ్చే సిమ్ము కొత్తగా వచ్చింది. ఆధార్ కార్డు పట్టుకుని లైనులో నిలబడి తెచ్చుకున్నాడు. 'సాంగ్స్ చర్చ్ ఫ్రీ' అని కొట్టి వెతికాడు. మొదట దొరికిన పేజీలో డౌన్‌లోడ్ అని అయిదు పచ్చ బొత్తాములున్నాయి. పెద్దగా ఉన్నదాన్ని నొక్కాడు. పాటలు రాలేదు గాని, పేకాట ప్రకటనలు వచ్చి స్క్రీను మీద కూర్చున్నాయి. వాటిని వదిలించుకోవడానికి రెండు రోజులు పట్టింది. అయినా వదలకుండా వారం పాటు తవ్వుకుంటూ పోతే చివరికి ఒక పేజీ దొరికింది. దానిలో బొత్తాము ఒక్కటే ఉంది, అదీ చిన్నది. ఈ ప్రోగ్రాం చేసినవాళ్ళు ఎవరెవరో, ఏ దేశాల్లో ఉన్నారో రాసి ఉంది. దీని లోపలి రాతంతా ఇక్కడే ఉంది, కావలసినవాళ్ళు చూసుకోండి, మార్చుకోండి అని ఉంది. జ్ఞానానందం ఫోనులో అనువాదం పెట్టుకుని ఆ పేజీ నాలుగుసార్లు చదివాడు. ఇందులో తిరకాసు ఎక్కడుందా అని వెతికాడు. కనబడలేదు.

"సూడే" అన్నాడు భార్యతో. "ఎవులో ఊరూ పేరూ తెలీనోళ్ళు రేత్రీ పగలూ కూకుని సేసి ఉత్తినే ఇచ్చేత్తన్నారు. దొంగతనం సెయ్యక్కర్లేదు."

శాంతి అంగన్‌వాడీ టీచరు. గుడ్ల లెక్క రాసుకుంటూ తలెత్తకుండానే అడిగింది. "మరి ఆలకేటి గిట్టుతాది?"

"ఆల పేరుంతాది."

"పేరు నాక్కుంతారేటి?"

పేరు విలువ పేరున్న వాళ్ళకు తెలియదని అతని అభిప్రాయం. శాంతిని వాడలో అందరూ టీచరమ్మ అంటారు.

ప్రోగ్రాం దిగింది గాని అసలు పని అక్కడే మొదలైంది. డీటీపీ వాళ్ళు వాడే పాత తెలుగు అక్షరాలు వాళ్ళ కంప్యూటర్లోనే తెలుగులా కనబడతాయి. ఇంకో చోట పెడితే ఇంగ్లీషు ముక్కల గుంపు. కొత్త ప్రోగ్రాం ఆ పాటల్ని అలాగే చూపించింది. అంటే ఆరు వందల పన్నెండు పాటలు మళ్ళీ మొదటి నుంచి కొట్టాలి. నవంబరులో నోట్లు రద్దయి పెళ్ళికార్డులు పడిపోయాయి, షాపులో ఈగలు తోలుకునే తీరిక దొరికింది. పొద్దున్నే షాపు తీసి కొట్టడం మొదలుపెడితే మధ్యాహ్నానికి పది పాటలు అయ్యేవి. సాయంత్రం శాంతి అంగన్‌వాడీ సెంటరు నుంచి వచ్చి అచ్చుపుస్తకం పట్టుకుని పైకి చదివేది, అతను స్క్రీను చూసుకునేవాడు.

"ఇక్కడ 'ప్రేమతో' అని ఉన్నాది, మీరు 'ప్రేమలో' కొట్టినారు."

"రెండూ ఒకటే కదే."

"మీకు ఒకటే. దేవుడికి ఒకటేనేటి? మార్చండి."

ఇలా తప్పులు పట్టడంలో ఆమె జాలి చూపేది కాదు. మూడు వందల పాటలు దాటాక అతను కొట్టేటప్పుడే ఆమె గొంతు వినబడడం మొదలైంది.

మధ్యలో ఇంకో చిక్కు వచ్చింది. తెర మీద అడుగు వరుసలో వత్తులు తెగిపోతున్నాయి. 'స్తోత్రం' కాస్తా 'సోతం' అయిపోతోంది. ఆ ప్రోగ్రాం వాళ్ళకు ఇంటర్నెట్టులో ఒక చర్చల పేజీ ఉంది. ఎవరికే ఇబ్బంది ఉన్నా అక్కడ రాయాలి. ఇంగ్లీషు రాయలేక జ్ఞానానందం తెర ఫోటో తీసి, తెగిన వత్తుల చుట్టూ ఎర్రటి సున్నాలు చుట్టి, కింద 'టెలుగు లెగ్స్ కటింగ్' అని పెట్టాడు. తొమ్మిదో రోజున పోలండు నుంచి ఎవరో జవాబిచ్చాడు. థ్యాంక్స్ చెప్పి, ఇంకో రెండు ఫోటోలు అడిగాడు. నెల తిరిగేలోపల వచ్చిన కొత్త కాపీలో వత్తులు తెగలేదు. ఆ కాపీలో ఏమేం బాగుచేశారో రాసిన జాబితా చివర, ఫలానా తప్పు చూపించింది జ్ఞానానందం అని ఇంగ్లీషులో ఉంది. అతను ఆ పేజీని ప్రింటు తీసి డ్రాయరులో పెట్టుకున్నాడు. శాంతికి చూపించలేదు. ఇదీ నాక్కుంతారేటి అంటుందని.

జనవరి చివరికి పాటలు పూర్తయ్యాయి. ఎప్పుడో చచ్చిపోయిన దొరలూ పంతుళ్ళూ రాసిన పాటలు, ఎవరి సొత్తూ కాదు. పోలండువాళ్ళలాగే తనూ ఫైలు మొదట్లో ఒక షరతు రాశాడు. 'ఈ పాటల ఫైలు ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు. కూర్చినవారి పేరు మాత్రం తీసివేయరాదు.' దాని కింద 'కూర్పు: జ్ఞానానందం, రాజాం.' ఫైలు తెరవగానే మొదటి తెర మీద అదే పడుతుంది.

అందరికీ అందేలా ఇంటర్నెట్టులో పెట్టాడు. ఎలా దించుకోవాలో, ఎలా ఎక్కించాలో తన గొంతుతోనే చెప్తూ వీడియో తీసి యూట్యూబులో పెట్టాడు. పదిహేను రోజుల్లో అరవై ఒక్కమంది చూశారు. అందులో ఇరవైసార్లు తనే. కింద ముగ్గురు మాట రాశారు. ఒకరు ఆమెన్ అన్నారు, ఒకరు ఫోను నంబరు అడిగారు. మూడోవాడు 'అన్నా, క్రాకు లింకు పెట్టండి' అని రాశాడు. డబ్బే అక్కర్లేని దానికి క్రాకు అడిగినవాడికి ఏమని జవాబు రాయాలో జ్ఞానానందానికి తోచలేదు. పాస్టర్ల వాట్సాప్ గ్రూపులో మూడుసార్లు పెట్టాడు. మూడోసారికి గ్రూపులోంచి తీసేశారు.

ఇక మిగిలింది మహాసభలు. వాళ్ళ సంఘాల సమాజంలో నలభై రెండు చర్చిలు ఉన్నాయి. ఏడాదికోసారి మూడు రోజులు అందరూ ఒకచోట కలుస్తారు. ఆ ఫిబ్రవరిలో సభలు రాజాంలోనే. నలభై రెండు పెన్ డ్రైవులు కొన్నాడు. ప్రతి దానిలో ప్రోగ్రామూ పాటలూ ఎక్కించాడు. సభలో పది నిమిషాలు దొరికితే, ప్రతి పాస్టరు చేతిలో ఒకటి పెట్టి పంపించవచ్చు. ఆ నలభై రెండు తెరల మీద తన కూర్పు పడాలి. ఆ ఏడాది అతను కోరుకున్నది అదొక్కటే.

థామస్ మాస్టారి ఇంటికి వెళ్ళి అడిగాడు.

"పది నిమిషాలా? ఏ హోదాలో?" అన్నాడు మాస్టారు.

"హోదా ఏటండి, పాటలు కొట్టినోడిగా."

"పాటలు రాసినవాళ్ళకే ఇవ్వలేదయ్యా. ప్రోగ్రాం అచ్చయిపోయింది. నువ్వే కదా అచ్చు వేశావు."

నిజమే. ఆ కాగితం అతనే కూర్చాడు. అందులో 'తెర ఏర్పాటు: బెన్హర్ కంప్యూటర్స్' అని కూడా అతనే కూర్చాడు.

కాగితంలో ఒక్కచోట మాత్రం పేర్లు లేవు. రెండో రోజు సాయంత్రం సాక్ష్యాల కూటం. దానికి హోదా అక్కర్లేదు. దేవుడు తన బతుకులో చేసిన మేలు చెప్పుకోవాలనుకున్నవాళ్ళు ఎవరైనా మైకు ముందుకు రావచ్చు. మనిషికి మూడు నిమిషాలు. అంతకు మించి సాగదీస్తే పొమ్మని ఎవరూ అనరు. ఆడవాళ్ళ వరసలోంచి అప్పలమ్మ ఒక పల్లవి ఎత్తుకుంటుంది. నలభై ఏళ్ళు పల్లెలు తిరిగి వాక్యం చెప్పిన ముసలామె. ఆమె ఎత్తుకుంటే పందిరంతా అందుకుంటుంది. చెప్పేవాడు ఎంత మొండివాడైనా మైకు వదిలి దిగాల్సిందే. ఆమె చేతికి వాచీ ఉండదు గాని మూడు నిమిషాలు ఆమెకు తెలుసు.

జ్ఞానానందం సాక్ష్యం రాసుకుని ఇంట్లో ఫోనులో టైము పెట్టుకుని చదివాడు. రెండు నిమిషాల యాభై సెకన్లు వచ్చింది.

"ముందు ఆ ప్రోగ్రాం సంగతి సెప్పీండి" అంది శాంతి. "దొంగ సరుకు సంగతి ఎనక సెప్పొచ్చు. టైముంటే."

"సాక్ష్యం అలగ సెప్పరే. ముందు పాపం, తర్వాత రక్షణ. తాగుబోతోడు మానేసిన సంగతి ముందు సెప్పీసి తాగిన సంగతి ఎనక సెప్తాడేటి?"

"తాగుబోతోడు పెన్ డ్రైవులు పంచడు కదా."

ఆమె మాట అతను పట్టించుకోలేదు. ముప్పై ఏళ్ళుగా విన్న సాక్ష్యాలన్నీ ఆ వరసలోనే ఉన్నాయి.

పందిట్లో ఎనిమిది వందల మంది ఉన్నారు. ఆరోవాడిగా మైకు ముందు నిలబడ్డాడు. ప్రభువు నామంలో వందనాలు అన్నాడు. అందరూ వందనాలు అన్నారు. అప్పుడే పదిహేను సెకన్లు పోయాయి.

"పద్దెనిమిదేళ్ళు నాను దొంగ సొత్తుతో బతికినాను" అని మొదలుపెట్టాడు.

ఎక్కడో ఒకాయన "స్తోత్రం" అన్నాడు. ఆ మాటతో జ్ఞానానందానికి ఊపు వచ్చింది. అతని మాట ఎనిమిది వందల మంది వినడం పుట్టాక అదే మొదలు. కంప్యూటర్లో నడిచే ప్రతిదానికీ ఒక యజమాని ఉంటాడనీ, అతనికి ఇవ్వాల్సింది ఇవ్వకుండా తాళం పగలగొట్టి వాడటం దొంగతనమేననీ చెప్పాడు. తన షాపులో ఉన్నది దొంగదే అన్నాడు. "హల్లెలూయ" అన్నారు నలుగురు. మీ పిల్లల పెళ్ళికార్డులు దొంగ సొత్తుతోనే వేశాను అన్నాడు. మీ పెద్దల సంస్మరణ కార్డులూ దానితోనే వేశాను అన్నాడు. ఇది కాగితం మీద లేదు. "స్తోత్రం, స్తోత్రం" అన్నారు. ఈ దేవుని మందిరంలో కంప్యూటర్లోకి ఈ చేతుల్తోనే దొంగ సరుకు ఎక్కించాను అన్నాడు. ఇక్కడున్న పాస్టర్లందరి చర్చిల్లోనూ ఉన్నది అదే సరుకు అన్నాడు. ఇదీ కాగితం మీద లేదు. ఈసారి ఎవరూ స్తోత్రం అనలేదు. పక్కన నిలబడి తెర నడుపుతున్న బెన్హర్ తల దించుకుని వైర్లు వెతుక్కున్నాడు.

"అయితే ఇప్పుడు" అని జ్ఞానానందం జేబులోంచి పెన్ డ్రైవు తీసి పైకెత్తాడు.

అప్పలమ్మ పల్లవి ఎత్తుకుంది. పందిరంతా అందుకుంది. చప్పట్లు పడ్డాయి, డోలకు కలిసింది. పెన్ డ్రైవు పైకెత్తిన చెయ్యి అలాగే ఉంది. కూటం నడిపే ఆయన అతని భుజం తట్టి, కన్నీళ్ళు తుడుచుకుంటూ, మెల్లగా పక్కకి తీసుకుపోయాడు.

రాత్రి భోజనాల దగ్గర అప్పలమ్మ కనబడితే అడిగాడు. "ఇంకో అర నిమిషం ఆగలేకపోనావేటి పెద్దమ్మా?"

"నానేటి సేసేది నాయనా, టైమైపోనాది" అంది ఆమె. "అయినా బాగా సెప్పినావు. పాపం ఒప్పుకున్నోడికి ఇంకేటి కావాల? నా గుండి కరిగిపోనాది."

నలభై రెండు పెన్ డ్రైవులు సంచీలోనే ఉన్నాయి. మర్నాడు పంచబోతే ఒక్క పాస్టరూ చెయ్యి చాపలేదు. దొంగ సరుకు ఎక్కించానని రాత్రి తనే చెప్పినవాడు పొద్దున్న ఇస్తున్నదేమిటో ఎవరికి తెలుసు?

సభలయ్యాక వచ్చిన బుధవారం సంఘ కమిటీ కూర్చుంది. ఏడుగురు పెద్దలు, పాస్టరు గారు. బహిరంగంగా ఒప్పుకున్న దోషానికి క్రమశిక్షణ తప్పదని థామస్ మాస్టారు చదివి వినిపించాడు. మూడు నెలలు ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షరసం తీసుకోకూడదు. ప్రొజెక్టరు ముట్టుకోకూడదు. చర్చి కంప్యూటర్లో ఉన్న దొంగ సరుకు తీసేయించాలి.

"మాస్టారూ, మీ ఇంట్లో లాప్‌టాప్‌లో ఉన్నదీ అదే. నానే ఏసినాను" అన్నాడు జ్ఞానానందం.

"వేశావేమో. నేను సాక్ష్యం ఇవ్వలేదు కదా" అన్నాడు మాస్టారు.

కమిటీలో ఎవరూ నవ్వలేదు. ఏడుగురిలో అయిదుగురి ఇళ్ళలో అతనే వేశాడు.

ఇంటికి వచ్చి చెప్తే శాంతి విని, అన్నం పెట్టి, అతను తింటుంటే అంది. "నానొక్కర్తినే ఎల్లి బల్ల తీసుకోవాలన్నమాట. మూడు నెలలు. అందరూ నా ఎనక మీ సీటు కేసి సూత్తారు."

అతను కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు.

కానీ ఆ సాక్ష్యం ఊరుకోలేదు. పాస్టర్లు ఊళ్ళకు వెళ్ళి తమ కంప్యూటర్ల వైపు అనుమానంగా చూశారు. ఎనిమిది వందల మంది విన్నారు. ఆదివారం తెర వెలగగానే సంఘస్తులు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. ఒకచోట కానుక పెట్టేవాళ్ళే అడిగారట, దొంగ సొత్తు మీద దేవుని పాటలేమిటని. పాస్టర్లు ఒకరి తరువాత ఒకరు బెన్హర్‌కు ఫోన్లు చేశారు. నీ సరుకు నువ్వు తీసుకుపో అన్నారు. బెన్హర్‌కు వారం రోజులు నిద్ర లేదు. ఎనిమిదో రోజున, గత్యంతరం లేక, బావ పెట్టిన వీడియో తెరిచి చూశాడు.

మార్చి మధ్యకి ఇరవై ఆరు చర్చిల్లో కొత్త ప్రోగ్రామూ కొత్త పాటలూ ఎక్కేశాయి. ఆ సంగతి జ్ఞానానందానికి పాస్టరు గారి నోట తెలిసింది. ఒక సాయంత్రం ఆయన షాపుకే వచ్చాడు. నెమ్మదైన మనిషి, అడగవలసింది అడగడానికి రెండు టీలు పడతాయి. అప్పటికి శాంతి కూడా సెంటరు నుంచి వచ్చి మూల స్టూలు మీద కూర్చుంది.

"బెన్హర్ పెడుతున్న పాటలు చూశానయ్యా. వత్తుల దగ్గర నుంచి నీ పనిలా ఉంది" అన్నాడు పాస్టరు గారు. "మొదటి తెర మీద ఏ పేరూ లేదు. నిన్ను అడగకుండా తీసుకున్నాడా? అలా అయితే చెప్పు. దొంగ సరుకు తీసి మళ్ళీ దొంగ సరుకు పెట్టుకోలేం. సంఘాలన్నిటికీ కబురు చేసి ఆపించేస్తాను."

జ్ఞానానందం ఔనని ఒక్క మాట అంటే చాలు, బావమరిది విజయనగరంలో షాపు మూసుకోవచ్చు. క్రిస్మస్ నాటి భోజనం నుంచి దాచుకున్న కసి అంతా నాలుక చివరికి వచ్చింది. ఫైలు మొదట్లో తను రాసిన షరతు కూడా గుర్తొచ్చింది. ఎవరైనా తీసుకోవచ్చు. అమ్ముకోవచ్చు.

"అడగక్కర్లేదండి" అన్నాడు చివరికి. "అలగే రాసి పెట్టినాను. ఎవుడైనా తీసుకోవచ్చు. దొంగతనం కాదు. పేరు తీసీడం ఒక్కటే తప్పు."

పాస్టరు గారు బెన్హర్‌కు ఫోను కలిపి స్పీకరు పెట్టాడు.

"ఒరే బెన్హరూ, పేరెందుకు పీకేసినావు?" అన్నాడు జ్ఞానానందం.

"బావా, నా మీద కోపమైతే కొట్టు" అన్నాడు బెన్హర్. "మొదటి రెండు చర్చిల్లో నీ పేరుతోటే పెట్టినాను. తెర మీద పడగానే, బల్ల ఆపేసిన మనిషి పేరు గుడిలో ఎలగ పడతాదన్నారు. పెట్టనివ్వలేదు. పేరు తీసీసినాక మాటాడకుండా పెట్టించుకున్నారు. నానేటి సేసేది సెప్పు. పేరు కావాలా, పాటలు ఎల్లాలా?"

పాస్టరు గారు నేల చూశాడు. బల్ల ఆపిన కమిటీలో ఆయన కూడా ఉన్నాడు.

షాపు ముందు నుంచి పాలకొండ బస్సు వెళ్ళింది. జ్ఞానానందం నలభై రెండు తెరలు కావాలనుకున్నాడు. ఇరవై ఆరు వచ్చేశాయి. మిగతావీ వస్తాయి, తను అడ్డం పడకపోతే. అడ్డం పడే హక్కు తనకుంది, రాతపూర్వకంగా ఉంది. పడితే ఆ ఇరవై ఆరూ తిరిగి క్రాకు పెట్టుకుంటాయి, ఈసారి గుట్టుగా.

"నా పేరు మానీ" అన్నాడు. "ఆ సోట మీ అక్క పేరెయ్యి."

"అక్క పేరా?"

"ఆరొందల పన్నెండు పాటలూ పుస్తకం పట్టుకుని సదివి తప్పులు తీసింది ఎవులు? దానికి బల్ల ఆపలేదు కదా. ఏ పాస్టరు వద్దంతాడో సూద్దాం. నీకు అక్క పేరు పీకే దమ్ముంటే పీకు."

అవతల బెన్హర్ నవ్వాడు. "అమ్మో, ఆవిడ పేరు పీకితే నాను రాజాం రాగలనేటి?"

పాస్టరు గారు శాంతి వైపు తిరిగాడు. "నీకు సమ్మతమేనా అమ్మా?"

శాంతి భర్త వైపు చూసింది. మీ బావాబామ్మర్దుల తగువులో నన్ను లాగుతారా అని తిట్టబోతోందని జ్ఞానానందం అనుకున్నాడు. ఆమె చీర కొంగు సర్దుకుని కూర్చుంది.

"ఎయ్యమనండి" అంది. "నాను సదవలేదేటి? మూడు నెలలు గొంతు పోయేటట్టు సదివినాను. పక్కన టీచరు అని కూడా ఎయ్యమనండి."

జ్ఞానానందం ఖాళీ టీ గ్లాసులు తీసి పక్కన పెట్టాడు.

ఈస్టరు నాటికి నలభై చర్చిల్లో 'కూర్పు: శాంతి, టీచరు, రాజాం' అని పడింది. మిగిలిన రెండింటికీ ప్రొజెక్టర్లు లేవు. పెళ్ళిళ్ళకు వెళితే పరాయి ఊళ్ళ పాస్టరమ్మలు ఆమెను వెతుక్కుంటూ వచ్చి పలకరించేవారు. శాంతి అదేమీ పెద్ద విశేషం కానట్టు తల ఊపేది. జ్ఞానానందం విస్తరి ముందు కూర్చుని వినేవాడు. ఇంటికొచ్చాక ఆ సంగతి ఇద్దరూ ఎత్తేవారు కాదు.

ఏప్రిల్ చివర్లో ఒక పొద్దున షాపు ఫోను మోగింది. టెక్కలి నుంచి ఒక పాస్టరు.

"శాంతి టీచరుగారు ఉన్నారా అండి? రెండు వందల పద్నాలుగో పాటలో మూడో చరణం రెండుసార్లు పడతాది."

"ఆవిడ సెంటరుకెల్లింది" అన్నాడు జ్ఞానానందం. "మీరు సెప్పండి, నాను రాసుకుంతాను."

"మీరెవరండి?"

జ్ఞానానందం గోడ మీద క్యాలెండరు చూశాడు. బల్ల మళ్ళీ తీసుకోవడానికి ఇంకా పద్దెనిమిది రోజులుంది.

"షాపులో మనిషినండి" అన్నాడు.

ఫోను పెట్టేసి రెండు వందల పద్నాలుగు తెరిచాడు. మూడో చరణం నిజంగానే రెండుసార్లు ఉంది. శాంతి కంట పడకుండా తప్పించుకున్నది అదొక్కటే. ఒకటి తీసేసి, మళ్ళీ మొదటి నుంచి చివరి దాకా ఒకసారి చదివి, సరిచేసిన ఫైలు ఇంటర్నెట్టులో పెట్టాడు. సాయంత్రం ఆమె వచ్చాక, టెక్కలి పాస్టరు ఫోను చేశాడనీ, తప్పు దిద్దేశాననీ చెప్పాడు.

"ఎవులు దిద్దినారని సెప్పినారు?" అంది శాంతి.

"అడగలేదు" అన్నాడు అతను.